ఊపిరి కోసం ఎదురుచూపు

శీతకాల సమావేశాల వేళకు రాజధానిపై కాలుష్యపు పొగ కమ్ముకోవడం, సభ్యులు ఆందోళన వెలిబుచ్చడం ఏటా జరిగే తంతే. ఆరోగ్యవంతులే దగ్గుతూ తిరిగే ఈ నగరంలో, పాడైన ఊపిరితిత్తులకు బదులు వేరొకరివి దొరుకుతాయని ఎదురుచూసే రోగుల ఊసు మాత్రం సభలో అరుదు. అవయవ మార్పిడిపై ప్రశ్న వస్తే మంత్రివర్యులు సంఖ్యలు చదువుతారు. 2023లో మరణానంతర దాతలు 1,099 మంది. వేయి దాటడం అదే ప్రథమం, సంతోషించదగినదే. కాని ఎదురుచూసేవారు ఆ నెలలను ఎట్లా గడుపుతున్నారన్నది ఏ పట్టికకూ ఎక్కదు.

మూత్రపిండం చెడితే డయాలిసిస్ ఉంది, బంధువు దానం చేయవచ్చు. ఊపిరితిత్తుల కోసమైతే మన దేశంలో బ్రెయిన్ డెడ్ అయినవారి మీదనే ఆధారపడవలసి ఉంది. వారిలోనూ అనేకుల ఊపిరితిత్తులు అప్పటికే పనికిరాకుండా పోతాయి. పనికివచ్చినవైనా సుమారు ఆరు గంటలలో అమర్చాలి. అందుచేత రోగి కుటుంబం చెన్నైకో, హైదరాబాదుకో కాపురం మార్చవలసి వస్తుంది. స్థానికత నిబంధన అక్కరలేదని 2023లో కేంద్రం నిర్ణయించింది. పేరు నమోదుకు అడ్డు తొలగింది గాని, ఇంటి అద్దెకు దారి చూపినవారు లేరు.

ఆ అద్దె గదిలో బ్రతుకు ఎటువంటిది? స్నానం చేసి వస్తే ఆయాసం తీరడానికి చాలాసేపు పడుతుంది. నాలుగు మాటలు పలికితే ఐదోమాటకు ఊపిరి అందదు. ముక్కుకు అమర్చిన గొట్టం ఎంత పొడవో అంతవరకే తిరుగుడు. ఆక్సిజన్ యంత్రం కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే సిలిండరు. బరువు తగ్గరాదు, వ్యాయామం మానరాదు. మార్పిడి అవసరమయ్యేంత జబ్బూ ఉండాలి, శస్త్రచికిత్సను తట్టుకునే సత్తువా మిగలాలి. అర్ధరాత్రి పిలుపు వచ్చి, పరుగున వెళ్ళాక, దాత ఊపిరితిత్తులు పనికిరావని తిప్పి పంపడమూ కద్దు.

అమెరికాలో 2005 నుంచి ఎవరు మరణానికి ఎంత చేరువలో ఉన్నారు, మార్పిడి తరువాత ఎంతకాలం జీవించగలరు అని లెక్కించి వరుస నిర్ణయించసాగారు. ఎంత బాధలో ఉన్నారన్నది ఆ లెక్కలోనూ చేరలేదు.

ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు ఇస్తుంది. అదీ ఆసుపత్రిలో చేరిన చికిత్సకే. ఇంట్లో నెలల తరబడి పీల్చే ఆక్సిజన్ దానికి పట్టదు. మార్పిడి ఖర్చా, ఆ పరిమితికి అనేక రెట్లు. అవయవాన్ని మోసుకుపోయే అంబులెన్సుకు దారి ఇప్పించి, ప్రభుత్వాలు మెప్పు పొందుతున్నాయి. పత్రికలవాళ్ళమైన మేమూ ఆ పరుగునే వర్ణిస్తాము. ఆ పరుగు కొన్ని గంటలది. దానికి ముందున్న నెలలకు ఆక్సిజన్ యంత్రం, నిలకడైన కరెంటు, ఆయాసాన్ని తగ్గించే వైద్యం కావాలి. వీటికి హెలికాప్టర్లు అక్కరలేదు.

1994 చట్టం దాత అంగీకారం గురించి, ఆసుపత్రుల గుర్తింపు గురించి, అక్రమ వ్యాపారానికి శిక్షల గురించి వివరంగా చెప్పింది. 2011లో దానిని సవరించారు కూడ. ఇక సభ్యులు వేయదగిన ప్రశ్నలు రెండున్నాయి. జాబితాలో ఉన్నవారిలో ఎందరు ఇంటివద్ద ఆక్సిజన్ మీద ఉన్నారు? పిలుపు రాకముందే ఎందరు కన్నుమూశారు?