బియ్యం గ్లాసు లెక్క



హైదరాబాద్ వారాసిగూడలో మా ఇంటి బియ్యం డబ్బాలో ఒక స్టీలు గ్లాసు ఉండేది. తినేవాళ్లను లెక్కపెట్టుకుని అమ్మ దానితోనే బియ్యం కొలిచేది. చుట్టాలొస్తే ఇంకో గ్లాసు పోసేది. నాన్న సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లి వచ్చేవారు. నీళ్లు మొయ్యడం, బట్టలు ఉతకడం, పచ్చళ్లు నూరడం అన్నీ అమ్మ రెక్కల మీదే సాగేవి. ఆ గ్లాసు ఆ కష్టానికి తగ్గ కొలత. అలాంటి గ్లాసే ఇప్పుడు సముద్రాలు దాటి నా వంటింట్లోనూ ఉంది. పని మాత్రం కుర్చీలోకి మారింది.

మా పేట నుంచి జామై ఉస్మానియా మీదుగా తార్నాక వైపు వెళ్తే, ఈ మార్పుకు లెక్క చెప్పే జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన పని, పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తిండిలో లోపం వల్ల వచ్చే జబ్బులతో మొదలైన ఆ సంస్థే ఇవాళ ఊబకాయం గురించి కూడా హెచ్చరిస్తోంది.

ఆ సంస్థ 2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగవారు కూర్చుని పనిచేస్తే రోజుకు 2,110 కిలో క్యాలరీలు చాలు. ఒళ్లు ఓ మాదిరిగా కదిలే పనైతే 2,710 కావాలి. 55 కిలోల ఆడవారికి ఆ లెక్క 1,660, 2,130. నాన్న తిన్నంత తింటూ నాన్న కదిలినంత కదలకపోతే, ఆ 600 తేడా ఎక్కడికి పోతుంది? నడుము చుట్టూ చేరుతుంది.

బరువు తగ్గాలనుకోగానే మనవాళ్లు ముందు అన్నం మీద పడతారు. వారం రోజులు పూర్తిగా మానేసి, ఎనిమిదో రోజు ఆవకాయ వాసనకు ఓడిపోతారు. మానడం కాదు, కొలవడం కావాలి. 2024లో ఆ సంస్థ చెప్పిన 2,000 కిలో క్యాలరీల పళ్లెంలో రోజంతటికీ బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీల వంటి గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27.

ఇది చదివి నా గ్లాసు తూచాను. నిండా పోస్తే 180 గ్రాముల బియ్యం. ఇద్దరం మనుషులం, పూటకు రెండు గ్లాసులు వండేదాన్ని. అంటే రెండు పూటలకు మనిషికి 360 గ్రాములు, పొద్దున్న ఇడ్లీలు కాకుండానే! ఇప్పుడు పూటకు ఒక్క గ్లాసే. మనిషికి రోజుకు 180 గ్రాములు పోను, టిఫినుకు 70 మిగులుతుంది. తగ్గిన అన్నం చోటును పప్పు, తోటకూర, బీరకాయ నింపుతున్నాయి. కూర్చుని పనిచేసే ఆడవాళ్లం ఇంకాస్త తగ్గించుకోవాలి కూడా. ఇక నూనె మాటకొస్తే, చిన్న చెంచాడు పోపు నూనెలో సుమారు 45 కిలో క్యాలరీలు ఉంటాయి. సీసా వంచి పోసే అలవాటు మానుకుంటే చాలు, సగం పని అయినట్టే.

వారానికి అర కిలో తగ్గడం క్షేమం. అంతకంటే తొందరపడి ఒంటిని పస్తు పెట్టొద్దు. షుగరు మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా తిండి తగ్గించకూడదు. ఇంతకీ ఎవరు తగ్గాలి? మనం స్థిరపడిన ఈ విదేశపు పట్టికల్లో అధిక బరువు గీత బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 25 దగ్గర ఉంటుంది, మన భారతీయులకు మాత్రం 23. 165 సెంటీమీటర్ల మనిషికి అది దాదాపు 63 కిలోలు. మనం ధీమాగా ఉన్న చోటే ప్రమాదం మొదలవుతోందన్నమాట.

అందుకే ఈసారి మన తెలుగు సంఘం వనభోజనాల్లో బల్ల మీద మొదట కూరలు, పప్పు, పెరుగుపచ్చళ్లు పెడదాం. పులిహోర, గారెలు ఆ తర్వాత. భోజనాలయ్యాక పిల్లలతో కలిసి అందరం నడుద్దాం. అంతకుముందు ఈ వారమే మీ ఇంటి బియ్యం గ్లాసును ఒక్కసారి తూచండి. అమ్మ కొలిచింది మన ఆకలిని, ఆరోగ్యాన్ని చూసే. మన ఒంటికి తగ్గట్టు మనమూ కొలుచుకుందాం.

మీ
సంపాదకురాలు