ఆరోగ్య బోధ : ఊపిరి బలమును కొలుచుట

మనుష్యునికి ఊపిరి దేవుడిచ్చిన వరము. తోటలలో కాయకష్టము చేసి బ్రదుకు కుటుంబములకు అదియే ఆస్తి. కావున ఊపిరితిత్తిలో క్యాన్సరు పుట్టెనని వినినవాడు, "కోసినయెడల ఇక పనిచేయగలనా?" యని భయపడుట సహజము.

వ్రణము చిన్నదై యితర స్థలములకు వ్యాపింపకమునుపే కనబడినయెడల నయము చేయు మార్గములు రెండు గలవు: శస్త్రచికిత్స, కిరణచికిత్స. ఏది తగునో నిర్ణయించుటకు వైద్యులు ముందుగా ఊపిరి బలమును కొలుతురు. రోగి నిండుగా గాలి పీల్చి గొట్టములోనికి బలముగా ఊదును. మొదటి సెకండులో ఎంత గాలి వెలువడెనో యంత్రము తెలుపును.

కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. సాధారణముగా వ్రణమున్న తమ్మెను తీసివేయుదురు. అది మరల మొలవదు. అయినను మిగిలిన భాగము విప్పారి దాని పనిని కొంతవరకు నెరవేర్చును. మొదట హెచ్చుగానున్న ఆయాసము కొన్ని మాసములలో తగ్గుచు వచ్చును. దినదినము నడచుట యిందుకు సహాయము.

పొగత్రాగుటచే ఊపిరి మిక్కిలి క్షీణించినవారు కోతకు తాళలేరు. అట్టివారును నిరాశపడ నక్కరలేదు. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములలో చిజెల్ అను పరిశోధన జరిగెను. మెల్బోర్న్ నగరములోని పీటర్ మెక్కల్లం క్యాన్సరు కేంద్రపు వైద్యుడు డేవిడ్ బాల్ దానికి నాయకుడు. కోతకు తగనివారిని, దాని నొల్లనివారిని 101 మందిని అందు చేర్చుకొనిరి. 66 మందికి పలుదిక్కులనుండి కిరణములను వ్రణముపైననే గురిచేసి, మూడు నాలుగు సార్లలోనే చికిత్స ముగించిరి. 35 మందికి పూర్వపద్ధతిని అనేక వారములు చేసిరి. 2019లో ఫలితములు వెలువడెను: వ్రణము అచ్చటనే మరల పెరిగినది మొదటివారిలో 9 మందికి, రెండవవారిలో 11 మందికి.

అయితే కిరణములవలన ఊపిరికి హాని లేదనరాదు. వ్రణము చుట్టునున్న మంచి భాగము కొన్ని వారములకో మాసములకో వాచి, పిమ్మట మచ్చకట్టవచ్చును. అప్పుడు పొడిదగ్గు, జ్వరము, ఆయాసము కలిగినయెడల జలుబని తలంచి ఊరకుండక వైద్యునికి తెలుపవలెను. వాపునకు మందు గలదు.

వ్యాధిని ముందుగా కనుగొనుటయే మేలు. ఇందుకై ఆస్ట్రేలియా ప్రభుత్వము 2025 జూలై 1న, బహుకాలము విస్తారముగా పొగత్రాగిన 50 మొదలు 70 ఏండ్లవారికి, రోగచిహ్నములు లేకున్నను, రెండేండ్లకొకసారి ఛాతీ స్కాను తీయు ఏర్పాటు ప్రారంభించెను.

కావున మూడు వారములు మించిన దగ్గును దాచవద్దు. కఫములో రక్తము కనబడినయెడల ఆ దినమే ఆసుపత్రికి పొండు. చుట్టను, బీడీని నేడే విడువుడు. వ్యాధి బయటపడిన తరువాత విడిచినను మేలే కలుగును. మిగిలిన ఊపిరిని కాపాడుకొనువాడు జ్ఞానవంతుడు.