తప్పు అతనిది, ప్రాయశ్చిత్తం ఆమెదా?

ప్రాయశ్చిత్తం అనే మాటకి మన వాడుకలో తిరకాసు లేదు. తప్పు చేసినవాడే చేసుకోవాల్సింది అది. తెలుగు బైబిలు ద్వారా ఈ మాట క్రైస్తవంలోకి వచ్చాక అర్థం మారింది. పాపం అందరిదీ, రక్తం ఒక్కడిదీ. ఏసు విషయంలో ఈ నమ్మకం నిజమా కాదా అన్న చర్చ నేనిక్కడ పెట్టడం లేదు. ఆ నమ్మకంలోనే పుట్టి పెరిగినదాన్ని. నా గొడవల్లా అది చర్చి గడప దాటి ఇంట్లోకొచ్చి ఎవరి నెత్తిన కూర్చుంటోందన్నదే.

శుక్రవారం ఉపవాస కూటానికి ఒకసారి వెళ్లి చూడండి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ పేట చర్చయినా సరే. చాపల మీద కూర్చున్నది దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ రోజు కూలి వదులుకుని, పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా వచ్చినవాళ్లు. దేనికోసమమ్మా ప్రార్థన అంటే, మా ఆయన తాగుడు మానాలని, కొట్టడం మానాలని. తాగేది అతను, కడుపు మాడ్చుకునేది ఈమె.

తర్వాత సాక్ష్యాలు. పన్నెండేళ్లు దెబ్బలు భరించాను, నోరెత్తలేదు, చివరికి ప్రభువు ఆయన్ని మార్చాడు అని ఒకామె చెబుతుంది. అందరూ స్తోత్రం అంటారు. ఆమెను చూస్తే నాకూ సంతోషమే. కానీ పదమూడో ఏట చచ్చిపోయినామె సాక్ష్యం చెప్పడానికి రాదు కదా! మా బంధువుల్లో ఒకామె విరిగిన చేత్తో పాస్టరుగారి దగ్గరికి వెళితే, "నీ సిలువ నువ్వు మోసుకోవాలమ్మా" అని ప్రార్థన చేసి, తిరిగి అదే ఇంట్లో దించి వచ్చారు. ఆ సిలువకి కాళ్లూ చేతులూ ఉన్నాయి. చీకటి పడగానే తాగి ఇంటికొస్తుంది.

పెళ్లిళ్లలో చదివే ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయాన్ని కాస్త నిదానంగా చదవండి. భార్యలు లోబడాలన్న మాట అందరికీ కంఠతా వచ్చు. క్రీస్తు తనను అప్పగించుకున్నట్టుగా ప్రేమించాలన్న మాట 25వ వచనంలో ఉంది. అది చెప్పింది ఎవరికి? భర్తలకి. త్యాగం అడిగింది మగవాడిని. మన ప్రసంగాల్లో ఆ బరువు మెల్లగా పక్క కుర్చీలోకి జరిగిపోయింది. లోబడటమూ ఆమే, బలి అవడమూ ఆమే. ఇక రెండో ఆధారం మొదటి పేతురు పత్రిక. అందులో క్రీస్తు శ్రమల్ని మాదిరిగా చూపించింది క్రూరులైన యజమానుల కింద బతుకుతున్న ఇంటి దాసులకి. ఆ తర్వాత, మీరూ అలాగే అని భార్యల వైపు తిరుగుతుంది. దాసులు లోబడాలన్న వాక్యం చూపించి బానిసత్వం మంచిదని ఇవాళ ఏ పాస్టరూ అనడు. పక్కనే ఉన్న భార్యలకి ఆ మినహాయింపు ఎందుకు దొరకలేదు?

సిలువ అంటే తండ్రికి చెల్లించిన బాకీ అన్న లెక్క కూడా అనాదిగా వస్తున్నదేం కాదు. మొదటి వెయ్యేళ్లూ సిలువని ఎక్కువగా మరణం మీద గెలుపుగా, చెరలో ఉన్నవారి విడుదలగా చెప్పుకున్నారు. 1098 ప్రాంతంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ రాసిన పుస్తకంలో దేవుడు పరువు దెబ్బతిన్న భూస్వామిలా కనిపిస్తాడు. 16వ శతాబ్దంలో కాల్విన్ దాన్ని కోర్టు శిక్షగా మార్చాడు. మధ్యలో పీటర్ అబెలార్ ఒక్కడు, నిర్దోషి రక్తం కోరడం ఎంత క్రూరం అని అడిగాడు. భేష్! అయితే తన శిష్యురాలు ఎలోయీజ్‌ని బెదిరించి, కొట్టి లొంగదీసుకున్నానని ఉత్తరంలో రాసుకున్నది కూడా ఇదే అబెలార్.

ఆడవాళ్ల గొంతులో ఈ ప్రశ్న గట్టిగా వినబడేసరికి 20వ శతాబ్దం వచ్చింది. పాపమంటే గర్వం, దానికి విరుగుడు ఆత్మత్యాగం అన్న వేదాంతం మగవాళ్ల అనుభవంలోంచి పుట్టిందని 1960లో వాలరీ సేవింగ్ రాసింది. తనకంటూ ఏమీ మిగుల్చుకోని స్త్రీకి ఇంకాస్త త్యాగం మందెలా అవుతుంది? బాధపడటమే రక్షణ అని నేర్పే బోధ హింసకి అండ అవుతుందని 1989లో జోన్ కార్ల్‌సన్ బ్రౌన్, రెబెకా పార్కర్ తెగేసి చెప్పారు. 1993లో డెలోరెస్ విలియమ్స్ ఇంకో అడుగు వేసింది. బానిసలైన నల్లజాతి స్త్రీలు దొరసానుల బదులు బిడ్డల్ని పెంచారు, దొరల కోరికకి బలయ్యారు. ఒకరి బదులు ఒకరు అనుభవించడంలో పవిత్రత ఏముందని ఆమె ప్రశ్న.

సిలువలో మా అమ్మమ్మలకి దొరికిన గౌరవాన్ని లాక్కుంటారా అని దళిత క్రైస్తవ మిత్రులు అడుగుతారు. అడగాలి కూడా. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఊరి బయట బతికేవాళ్లకి ఊరి బయట చంపబడ్డ దేవుడు దొరికాడు. అది చిన్న సంగతి కాదు. అయితే ఆ దేవుడు దొరికాక వాళ్లు చేసిందేమిటి? ఆదివారం పనికి వెళ్లడానికి, అమ్మవారి జాతరలో డప్పు కొట్టడానికి నిరాకరించారు. దానికి దెబ్బలూ తిన్నారు, కానీ నిరాకరించారు. ఊరికి ఎదురు నిలబడే బలం పేటకిచ్చిన సిలువ, అదే పేటలో ఆడదానికి మాత్రం ఓర్చుకోమని ఎందుకు చెబుతోంది? చెబుతున్నది సిలువ కాదు, దాని ముందు మైకు పట్టుకున్న మనిషి.

చట్టం కూడా చాలాకాలం ఆ మైకు పక్కనే నిలబడింది. 1869 నాటి విడాకుల చట్టంలో క్రైస్తవ భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి చాలు. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో కూడా రుజువు చెయ్యాలి. ఉత్త దెబ్బలు చాలవన్నమాట! 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్షని తప్పుపట్టింది, 2001లో పార్లమెంటు సవరించింది. 132 ఏళ్లు పట్టింది. 2005లో గృహహింస చట్టం వచ్చింది. అది ఉందని చెప్పిన ప్రసంగం నేనింతవరకు వినలేదు.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటిదాకా ఏడు మాటల మీద ప్రసంగాలు చేస్తారు. అందులో నాలుగోది ఫిర్యాదు, నన్నెందుకు వదిలేశావని. ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఈ గిన్నె తప్పించమనీ అడిగాడాయన. దేవుని కొడుకే అడగగలిగినప్పుడు, విరిగిన చేత్తో వచ్చినామెని అడగొద్దనడానికి మీరెవరు? వచ్చే శ్రమల దినాల్లో ఆ 25వ వచనం మీద నలభై రోజులూ మగవాళ్లకి కూటాలు పెట్టండి. ఉపవాసం కూడా వాళ్లనే ఉండమనండి. ఆడవాళ్లు ఇంటి దగ్గర అన్నం తింటారు.