దేవుని చిత్తం అనే ముందు సంపు మూత తీసి చూడండి



పోస్టు కొంచెం పెద్దగుంది. చివరి దాకా చదవండి. చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగం చదివి కామెంట్ పెట్టకండి.

మేము మేడ్చల్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మాలో లంబాడీలు ఉన్నరు, కోయలు ఉన్నరు, ఎరుకలోళ్ళు ఉన్నరు. మా ఇళ్లల్లో మాకంటే ముందు కాలేజీ గేటు దాటినోళ్ళు ఎవరూ లేరు. ఆదివారం పొద్దున కొందరం చర్చికి పోతం, కొందరు పోరు. ఈ పోస్టు రాస్తున్నది పోయేటోళ్ళం. దేవుణ్ణి నమ్మేటోళ్ళుగానే రాస్తున్నం. ఈ మాట ముందే చెప్తున్నం, ఎందుకంటే కింద రాసింది చదివి "వీళ్ళు విశ్వాసం వదిలేసిండ్రు" అని ఎవరో ఒకరు అంటరు.

సంగతి ఇది. మా హాస్టల్‌లో ఫస్ట్ ఇయర్ తమ్ముడు ఒకడికి జ్వరం వచ్చింది. మూడు రోజులు మెడికల్ షాపులో గోలీలు తెచ్చి వేసినం. తగ్గినట్టే తగ్గి సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ ఒళ్ళు కాలిపోయేది. నాలుగో రోజు రూములో అందరం కూర్చొని ప్రార్థన చేసినం. ప్రార్థనకు వచ్చే పెద్దలు కూడా వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించిండ్రు. మందులు వద్దని ఎవరూ అనలేదు, అది నిజం. కానీ "ఆసుపత్రికి తీసుకపోదామా" అని మేము అడిగితే, "తొందరపడకండి బాబూ, దీని వెనక దేవుని ఉద్దేశం ఏదో ఉంటది, ఆయన చూసుకుంటడు" అన్నరు. మేమూ ఆమెన్ అన్నం. ఎనిమిదో రోజు ఉపవాసం కూడా ఉన్నం. కాబట్టి ఈ తప్పులో మా వాటా మాకుంది. దాచిపెట్టట్లేదు.

పన్నెండో రోజు తమ్ముడు లేచి నిలబడలేకపోయిండు. కడుపు పట్టుకొని ఏడ్చిండు. రాత్రికి రాత్రి ఆటోలో ఎక్కించుకొని సర్కారు ఆసుపత్రికి పోయినం. టైఫాయిడ్ అని తేలింది. డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది. "ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉండె" అని చెప్పింది. తర్వాత ఒకటే ప్రశ్న అడిగింది: "మీరు తాగే నీళ్ళు ఎక్కడివి?"

తెల్లారి వచ్చి మా సంపు చూసినం. మూత సగం పగిలి ఉంది. రెండడుగుల దూరంలో లెట్రిన్ల డ్రైనేజీ పొంగి పారుతున్నది. ఆ నీళ్ళు సంపు అంచు దాకా వచ్చి నిలిచినయి. ఆఖరుసారి ఎప్పుడు కడిగిండ్రో ఎవరికీ గుర్తు లేదు. అదే వారంలో ఇంకో ఇద్దరికి జ్వరం వచ్చింది. టైఫాయిడ్ గాలికి వచ్చేది కాదు, శాపానికి వచ్చేది కాదు. రోగి మలంతో పాడైన నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వస్తది. ఇంటర్ బైపీసీ చదివినోళ్ళం మాలో ఉన్నం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నం. మా సంపు దాకా వచ్చేసరికి మర్చిపోయినం.

తమ్ముడు బతికిండు. దేవునికి స్తోత్రం. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నం.

గొడవ ఆ తర్వాత మొదలైంది. ఆదివారం ఆరాధనలో తమ్ముడి గురించి సాక్ష్యం చెప్పిండ్రు. "వైద్యులు చేతులెత్తేసిన బిడ్డను ప్రార్థన బతికించింది" అన్నరు. ఏ వైద్యులు చేతులెత్తేసిండ్రు? రోజూ రెండుపూటలా సెలైన్ మార్చి, సూది మందు ఇచ్చి, రక్తం పరీక్ష మళ్ళీ చేయించింది వైద్యులే. ఆ సాక్ష్యంలో నర్సమ్మ లేదు, సంపు లేదు, డ్రైనేజీ లేదు. సాక్ష్యం అంటే చూసింది చూసినట్టు చెప్పడం కదా? సగం దాచి చెప్పేది సాక్ష్యం ఎట్లయితది?

అదే వారం మేము సంపు బాగుచేయించాలని దరఖాస్తు రాసి సంతకాలు అడిగినం. మన గ్రూపులోనే ఒకన్న పెట్టిన రిప్లై మీరంతా చూసే ఉంటరు. దేవుని చిత్తం లేకుండా ఆకు కూడా కదలదు, గొడవలు మాని ప్రార్థనలో ఉండండి అన్నడు. దానికే ఈ జవాబు.

అన్నా, నువ్వు చెప్పింది సగం ఒప్పుకుంటున్నం. దేవునికి ఉద్దేశం ఉందనే మేమూ నమ్ముతున్నం. లేకపోతే తండా నుంచి ఒక సంచి, ఒక దుప్పటి పట్టుకొని ఇంత దూరం వచ్చి నిలబడేటోళ్ళం కాదు. కానీ డ్రైనేజీ పొంగడం దేవుని చిత్తమా, పట్టించుకోవాల్సినోళ్ళ నిర్లక్ష్యమా? మనుషుల తప్పును దేవుని ఖాతాలో రాస్తే దేవునికి మహిమ రాదు, చెడ్డపేరు వస్తది.

యోసేపు కథ మనకు సండే స్కూల్ నుంచి తెలుసు. అన్నలు గోతిలో పడేసి అమ్మేసిండ్రు. చివరికి ఆ అన్నలనే చూసి, మీరు కీడు తలపెట్టినా దేవుడు దాన్ని మేలుగా మార్చిండు అనే అర్థంలో చెప్పిండు. దేవుని ఉద్దేశం గురించి ప్రసంగం అంటే ఈ కథ రాకుండా ఉండదు. కానీ రెండు సంగతులు మనకు చెప్పరు. ఒకటి, యోసేపు అన్నల పనిని కీడు అనే అన్నడు. మంచిదని అనలేదు. రెండు, కరువు వస్తదని తెలిసినంక ఆయన మోకాళ్ళ మీదే ఉండిపోలేదు. పంట బాగా పండిన ఏడేళ్ళు ధాన్యం లెక్కపెట్టి కొట్లలో దాచిపెట్టించిండు. దేవుని ఉద్దేశం ఆ కొట్ల ద్వారానే నెరవేరింది. కొట్లు కట్టకుండా స్తోత్రం చెప్పుకుంటూ కూర్చుంటే ఐగుప్తు ఏమైపోయేది?

పౌలును చూడండి. కొరడాలతో కొట్టబోతుంటే, నేను రోమా పౌరుణ్ణి, విచారణ లేకుండా నన్ను కొట్టవచ్చా అని నిలదీసిండు. తర్వాత కైసరు దగ్గరికే అప్పీలు చేసుకున్నడు. పౌలుకు విశ్వాసం తక్కువా? తన హక్కు అడగడం ఆయనకు పాపం కాలేదు. మనం పది సంతకాలతో ఒక దరఖాస్తు పెడితే పాపం ఎట్లయితది?

యోబు స్నేహితుల సంగతి కూడా గుర్తు చేసుకోండి. బాధలో ఉన్నోడి దగ్గర కూర్చొని దేవుని తరఫున వివరాలు చెప్పింది వాళ్ళే. చివర్లో దేవునికి కోపం వచ్చింది యోబు మీద కాదు, వాళ్ళ మీద.

ఇంకొకటి, మాకు అన్నిటికంటే పెద్దగా అనిపించింది. గెత్సేమనే తోటలో యేసు తండ్రి చిత్తానికి ఒప్పుకున్నడు. కానీ ఎవరి గురించి ఒప్పుకున్నడు? తన ప్రాణం గురించి. ముందుగా ఆ గిన్నె తప్పించమని అడిగినంకనే ఒప్పుకున్నడు. అదే యేసు దగ్గరికి గుడ్డివాడు వస్తే, కుష్టురోగి వస్తే, ఇది మీకు దేవుని చిత్తం, భరించండి అని పంపించలేదు. కాబట్టి ఆ మాట మన బతుకు గురించి మనం చెప్పుకునేది. పక్కోడి జ్వరం గురించి మనం చెప్పేది కాదు. తండాలో బిడ్డను పోగొట్టుకున్న ఒక యాడి ఏడ్చి ఏడ్చి "దేవుని చిత్తం" అంటే మేము తల వంచుకుంటం. ఆమెకు ఆ మాటే ఊతకర్ర. కానీ సంపు కడిగించాల్సిన మనిషి అదే మాట అంటే అది తప్పించుకోవడం. మాట ఒకటే, ఎవరి నోట్లో నుంచి వస్తుందో చూడాలె.

మన పెద్దలు ఎప్పుడూ ఇట్లనే ఉండేవాళ్ళు అనుకోకండి. మేడ్చల్ దాటి ఉత్తరం దిక్కు పోతే మెదక్ వస్తది. అక్కడి పెద్ద చర్చి చూడనోళ్ళు మనలో తక్కువ. క్రిస్మస్‌కు అక్కడ సెల్ఫీ దిగనోళ్ళు ఇంకా తక్కువ. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించింది. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల కరువు. జనం ఆకలితో అల్లాడుతుంటే ఆయన "దేవుని ఉద్దేశం, ఓర్చుకోండి" అని ప్రసంగం చేసి ఊరుకోలేదు. గుడి కట్టే పని పెట్టి, ఆ పనితో తిండి పెట్టిండు. ఆ చర్చి గోడలు ప్రార్థనతో లేచినయి, కూలితోనూ లేచినయి. దొరలందరూ దేవుళ్ళు అని మేము అనట్లేదు. కానీ మనం గర్వంగా చూపించుకునే ఆ గుడి, ఆకలి ముందు చేతులు కట్టుకొని కూర్చున్న విశ్వాసం కట్టింది కాదు.

ఇంకా దగ్గరికి రండి. శామీర్‌పేట దిక్కు జీనోమ్ వ్యాలీ ఉంది. కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడే. అదే కంపెనీ చేసిన టైఫాయిడ్ టీకాను 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. ఆ రకం టైఫాయిడ్ టీకాల్లో ఆ ఆమోదం పొందిన మొదటిది అదే. ప్రపంచ దేశాల పిల్లలకు ఇక్కడి నుంచి టీకా పోతది. ఇక్కడికి దగ్గర్లోనే మా తమ్ముడు పన్నెండు రోజులు టైఫాయిడ్‌తో పడి ఉన్నడు. ఆ టీకా కనిపెట్టే తెలివి మనుషులకు ఇచ్చింది ఎవరు? మనం నమ్మే దేవుడే కదా. మరి ఆసుపత్రి గడప తొక్కితే ఆయన మీద నమ్మకం తగ్గినట్టు ఎట్లయితది?

ఇప్పుడు భయం సంగతి. సంతకం అడిగితే ఇద్దరు పక్కకు పిలిచి చెప్పిండ్రు: "చర్చికి పోయేటోళ్ళం, గొడవలో ముందుంటే ఎస్టీ సర్టిఫికెట్ తీసేస్తరేమో." తప్పు వాళ్ళది కాదు, ఈ బెదిరింపు ఊర్లల్లో బాగా తిరుగుతున్నది. అందుకే సూటిగా రాస్తున్నం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. 2004లో కేరళ ప్రభుత్వం, చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు కూడా, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదని చెప్పింది. తెగ ఆచారాలతో, తెగ జనంతో సంబంధం ఉందా లేదా అనేది చూడాలని చెప్పింది. అంటే చర్చికి పోతూ తండాను వదిలెయ్యకండి. తీజ్‌కు ఇంటికి పోండి, యాడితో మన గోర్ భాషలోనే మాట్లాడండి, పెద్దమనుషుల దగ్గర కూర్చోండి. దేవుడు మనల్ని ఈ తెగలో పుట్టించడం కూడా ఆయన ఉద్దేశమే అని నమ్ముతున్నప్పుడు, దాన్ని దాచుకోవడం ఎందుకు?

ప్రార్థనను వెక్కిరించే అన్నలకు కూడా ఒక మాట. ఆ రాత్రి ఆటోలో తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకొని మేము చేసింది ప్రార్థనే. చేతిలో పైసలు లేవు, ఇంటికి ఫోన్ చేస్తే బాపుకు ఏం చెప్పాలో తెల్వదు. ఆ ప్రార్థన లేకపోతే మేము అక్కడే కూలబడేవాళ్ళం. ప్రార్థన మమ్మల్ని ఆసుపత్రి దాకా నడిపించింది. అంతకు ముందు పన్నెండు రోజులు అదే ప్రార్థనను మేము ఆసుపత్రికి పోకుండా ఉండడానికి వాడుకున్నం. తేడా అక్కడ ఉంది.

మేము అడిగేది ఇంతే.

జ్వరం మూడు రోజులు దాటితే ప్రార్థన చేస్తూనే ఆసుపత్రికి తీసుకపోండి. డాక్టరు రాసిన మందు, జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి.

సాక్ష్యం చెప్తే మొత్తం చెప్పండి. డాక్టరమ్మ పేరు, రాత్రంతా మేలుకున్న దోస్తు పేరు కూడా చెప్పండి. దేవుడు వాళ్ళ చేతులతో పనిచేసిండని చెప్తే ఆయన చిన్నగైపోడు.

మీ హాస్టల్ సంపు, ట్యాంకు ఈ ఆదివారమే చూడండి. ఫోటో తీసి, తేదీ వేసి, దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. గవర్నమెంట్ హాస్టల్ అయితే, జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా ఆఫీసులో ఫీజు 10 రూపాయలు, తెలుగులో రాయొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె. ఎట్ల రాయాలో తెల్వకుంటే గ్రూపులో అడగండి, మేము కూర్చొని రాసిస్తం.

పెద్దలకు చివరిగా, గౌరవంగా ఒక మాట. మీరు మాకు ప్రార్థన నేర్పిండ్రు, ఊరు కాని ఊరిలో ఆదివారం అన్నం పెట్టిండ్రు. అది మర్చిపోం. మా దరఖాస్తు మీద ఇప్పటికి ఇరవై ఏడు సంతకాలు ఉన్నయి. పైన ఒక వరుస ఖాళీగా వదిలినం. అది మీ కోసమే. వచ్చే ఆదివారం ఆరాధన అయినంక కాగితం తెస్తం.

తమ్ముడు ఇప్పుడు గంజి తాగుతున్నడు, నిన్నటి నుంచి మెట్లు దిగుతున్నడు. సంపు మూత ఇంకా పగిలే ఉంది.



— మేడ్చల్ హాస్టల్ పిల్లలం