డోసుకు లెక్కుంది, డ్యూటీకి లేదు

ఎక్స్‌రే, సీటీ గదుల్లో పనిచేసే రేడియోగ్రాఫర్ ఛాతీ దగ్గర చిన్న టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి అది ల్యాబ్‌కు వెళ్తుంది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క తేలుతుంది. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదన్నది అణుశక్తి నియంత్రణ మండలి గీసిన హద్దు. అదే మనిషి ఒక షిఫ్టులో ఎన్ని స్కాన్లు తీశారు, వరసగా ఎన్ని రాత్రులు డ్యూటీ చేశారు, మధ్యలో అన్నం తిన్నారా అని చాలా ఆసుపత్రుల్లో అడిగే నాథుడే ఉండడు.

ఒక పెద్దాసుపత్రి ఎక్స్‌రే గది ముందు గంటసేపు నిలబడితే చాలు, సంగతి తెలిసిపోతుంది. తుంటి విరిగిన వృద్ధుడిని స్ట్రెచర్ మీద తెస్తారు. వార్డుబాయ్ మరో వార్డులో ఉంటాడు. టెక్నీషియనే కొడుకునీ అల్లుడినీ పిలిచి, దుప్పటి నాలుగు మూలలా పట్టించి టేబుల్ మీదికి చేర్చాలి. నొప్పికి ఆయన కదిలితే ఫిల్మ్ మసకబారుతుంది, మళ్లీ తీయాలి. ఈలోగా తలుపు దబదబా బాదుతూ ‘మా టోకెన్ ముందుది’ అని ఎవరో అరుస్తుంటారు. పేరు సరిపోయిందా, కుడికాలా ఎడమకాలా అన్నది ఆ గోలలోనే చూసుకోవాలి. రేడియాలజిస్టుది మరో అవస్థ. చీకటి గదిలో రిపోర్టులు చదువుతుంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది. గర్భిణుల స్కానింగ్‌కు చట్టప్రకారం నింపాల్సిన ఫారం-ఎఫ్ సరేసరి. లింగనిర్ధారణను ఆపే ఆ చట్టం అవసరమే, కానీ ఆ కాగితాల పనికి వేరే మనిషినిచ్చే యాజమాన్యాలెన్ని?

ఇలాంటి పనిభారం తెచ్చే బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 జబ్బుల్లో చేర్చలేదు. పనిచోట దీర్ఘకాలంగా పేరుకుపోయిన, సరిగా అదుపుచేయని ఒత్తిడి ఫలితం అంది. సత్తువ ఉడిగిపోవడం, పనిమీద విరక్తి, చేతకావడంలేదన్న భావన దాని లక్షణాలు. జబ్బు కాదన్నప్పుడు చికిత్స జరగాల్సింది ఉద్యోగికా, పనిచోటుకా? మన యాజమాన్యాలు ఏడాదికో యోగా క్లాసు పెట్టి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉన్న పోస్టరు గోడకు అంటించి చేతులు దులుపుకుంటాయి. ఆ హెల్ప్‌లైన్ మంచిదే. కాకపోతే తర్వాతి షిఫ్టు మనిషి రాక పదహారు గంటలుగా నిలబడ్డవాడికి కావలసింది ఓదార్పు కాదు, రిలీవర్.

2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లిన వ్యక్తి, అయస్కాంతం లాగేయడంతో ప్రాణాలు కోల్పోయాడు. ఒక డాక్టరునూ, వార్డు సిబ్బందినీ అరెస్టు చేశారు. అలసటే దానికి కారణమని నేననడం లేదు. ఆ యంత్రం అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, క్షణం ఏమరుపాటును కూడా మన్నించదు. అలాంటి గది గుమ్మంలో కాపలా మనిషిని పెట్టడం ఖర్చనుకునే ఆలోచన మారాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ టెక్నీషియన్లలో ఎందరో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కొలువుల్లో ఉన్నారు. సెలవు పెడితే జీతం కోత, నోరు తెరిస్తే రెన్యువల్ అనుమానం. వీళ్లు ‘అలసిపోయాను’ అని ఎవరితో చెప్పుకుంటారు? 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ ఇచ్చింది. డ్యూటీ గంటల మాట అందులో లేదు.

చేయాల్సినవి పెద్ద విషయాలేం కావు. నైట్ డ్యూటీ తర్వాత రోజు కచ్చితంగా సెలవు, షిఫ్టుకో అటెండర్, పొరపాటు జరిగితే మెమోకు ముందు కారణం వెతకడం. అన్నిటికంటే ముందు, కొత్త సీటీ యంత్రం కొనే ఫైలులోనే దాన్ని మూడు షిఫ్టులూ నడిపే మనుషుల పోస్టులూ ఉండాలి. అవి లేని ఫైలుపై ఆర్థికశాఖ సంతకం పెట్టకూడదు.