శక్తిమాన్‌ను తుక్కుకు తూచొద్దు

సైన్యం తొలగించిన పాత లారీలో తుక్కు వ్యాపారికి కనిపించేది దాని బరువే. శక్తిమాన్ అనే సైనిక లారీ విషయంలో ఆ లెక్క తప్పు. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో దీని తయారీ మొదలైంది. 1965, 1971 యుద్ధాల్లో జవాన్లనూ మందుగుండునూ మోసింది; తర్వాత స్టాలియన్ లారీకి దారిచ్చి తప్పుకుంది. సొంతంగా లారీ కట్టడం ఈ దేశం నేర్చుకున్న బండ్లలో ఇదొకటి. అలాంటిది రోడ్డు మీద తిరిగే స్థితిలో కొన్నయినా మిగలాలి. అందుకు అడ్డు ఇంజనుకు పట్టిన తుప్పు కాదు, మన నిబంధన.

తుప్పు సంగతి ముందు చూద్దాం. ఏళ్లకేళ్లు ఆరుబయట పడున్న డీజిల్ ఇంజన్లోకి సైలెన్సర్ గొట్టం గుండానో, తెరుచుకుని ఆగిన వాల్వు గుండానో తేమ దిగుతుంది. పిస్టన్ రింగులు లైనర్‌కు పట్టేస్తాయి. ఇంజను పోయిందంటారు చూసినవాళ్లు. చాలాసార్లు పోదు. నాజిళ్లు విప్పి, ఆరు సిలిండర్లలోనూ పలచటి నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, క్రాంక్‌ను చేత్తో అటూ ఇటూ వెంట్రుకవాసి కదుపుతూ పోతే వదులయ్యే అవకాశం బాగా ఉంటుంది. ఓపిక చాలక స్టార్టర్ కొట్టినా, ఇంకో బండికి కట్టి లాగించినా రింగులు విరుగుతాయి. అప్పటికీ కదలకపోతే హెడ్ దించి లైనర్లు మార్చాలి. అసలు కష్టం ఫ్యూయల్ పంపుతోనే. ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతులే కాబట్టి ట్యాంకులోంచి వచ్చే తుప్పు రేణువులు దాన్ని చెడగొడతాయి. ట్యాంకు కడిగి, పైపులు మార్చి, పంపు కాలిబ్రేషన్ చేయించాకే డీజిల్ పోయాలి. చెయ్యి తిరిగిన మెకానిక్‌కు ఇదేమీ అసాధ్యం కాదు.

అలా బతికించిన లారీని రోడ్డెక్కించబోతే చట్టం అడ్డుపడుతుంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి అసలు రూపం చెడని బండికి ‘వీఏ’ వరుసలో నంబరు, పదేళ్ల రిజిస్ట్రేషన్, అందుకు 20,000 రూపాయల ఫీజు. రోజువారీ తిరుగుడు, వ్యాపారం కుదరవు; ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీయొచ్చు. మంచి ఏర్పాటే. కానీ అది ద్విచక్ర వాహనాలకూ, ఎం1 తరగతి కార్లకూ మాత్రమే. సంపన్నుల గ్యారేజీలోని కారుకు దక్కిన మన్నన యుద్ధానికి వెళ్లొచ్చిన లారీకి లేదు. జర్మనీలో ముప్పై ఏళ్లు దాటి బాగా కాపాడిన వాహనానికి ‘హెచ్’ ప్లేటు ఇస్తారు, లారీకి కూడా. శక్తిమాన్‌కు మూలమైన మాన్ లారీకి అక్కడ ఉన్న హక్కు ఇక్కడ దాని బిడ్డకు లేకపోవడం అన్యాయం.

పొగ మాటేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏడాదికి కొన్ని సార్లే తీయాలన్న షరతు పెడితే ఆ పొగ ఏపాటిది? సైనిక వాహనమని పొరబడే ప్రమాదానికీ జవాబుంది. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే పరిమితమని మోటారు వాహన నిబంధనలు ముందే చెబుతున్నాయి. వేరే రంగు వేయించాలి, అసలు రూపం లెక్కలో ఆ ఒక్క మార్పును మన్నించాలి. సైనిక స్థావరం గేటు ముందు దిమ్మె మీద నిలబెడితే చాలదా అంటే, చాలదు. పైన రంగు మెరుస్తుంటుంది, తిరగని ఇంజను లోపల మళ్లీ పట్టేస్తుంది.

ఇక ఎవరు చేస్తారంటే, రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ (వ్యాగన్ రిపేర్ షాపు) కాలనీ వంటి చోట్ల ఆ చేతులున్నాయి. విజయనగరం నుంచి 1931లో రాయ్‌పూర్‌కు రైలుమార్గం పడింది. రైల్వే పనిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్న ఊరిది. వ్యాగన్ రిపేర్ షాపు పని డీజిల్ ఇంజన్లు కాదు, నిజమే. కానీ ఛాసిస్, బ్రేకులు, తుప్పుపట్టిన రేకు, వెల్డింగ్ అక్కడ నిత్యం జరిగే పనే. ఇంజనుకు మాత్రం డీజిల్ పంపు నిపుణుణ్ని పిలిపించాలి. రైల్వే వర్క్‌షాపులకు ఇలాంటి పని కొత్త కాదు: 1855లో తయారైన ఫెయిరీ క్వీన్ ఆవిరి ఇంజన్‌ను పెరంబూర్ రైల్వే వర్క్‌షాపు బాగుచేయగా 1997లో మళ్లీ పట్టాలెక్కింది. సైన్యం తొలగించిన శక్తిమాన్‌లలో ఒకటి రెండింటిని వేలానికి పెట్టకుండా ఇలాంటి వర్క్‌షాపుల అప్రెంటిస్‌లకూ, ఐటీఐలకూ ఇవ్వాలి. రవాణా శాఖ వింటేజ్ నిర్వచనంలో సరుకు రవాణా వాహనాలను చేర్చాలి. రాయ్‌పూర్‌లోని తెలుగు సంఘాలు ఈ రెండు కోరికలతో తమ ఎంపీకి ఈ నెలలోనే ఉత్తరం రాయాలి.