చూడని రాతికి ఉంగరం

నీలం కొన్నవాడు దానిని మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకొని పడుకోవాలని పెద్దలు చెప్పేవారు. పీడకలలు రాకపోతే రాయి పడినట్లు. వస్తే వర్తకునికి తిరిగి ఇచ్చివేయవలసిందే. ఇందులోని జ్యోతిషాన్ని నమ్మేవారు నమ్మవచ్చు, నమ్మనివారు మానవచ్చు. కాని ఈ ఆచారంలో ఒక వ్యాపార నీతి దాగి ఉన్నది. వెల చెల్లించి రాయి తెచ్చుకున్నంత మాత్రాన బేరం ముగియదు. అది కొన్నవాని ఇంట, కొన్నవాని వెలుతురులో కొన్నాళ్లు గడిపిన తరువాతనే ముగుస్తుంది. సెల్‌ఫోను తెర మీద బొమ్మ చూచి రాయి కొనే ఈ రోజులలో ఆ పాత నీతిని మరల గుర్తు చేసుకోవలసి వస్తున్నది.

గుంటూరులో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడనుకుందాము. నలభయ్యవ పెళ్లిరోజుకు భార్యకు ఒక ఉంగరం చేయించాలని ఆయన కోరిక. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కుమార్తె ఒక రాత్రి ఫోను చేస్తుంది.

"నాన్నగారూ, రాయి దొరికింది. గులాబీ, నారింజ కలిసిన రంగు. శ్రీలంక పద్మరాగమట."

"పద్మరాగమంటే కెంపు కదమ్మా? నారింజ రంగు కెంపేమిటి?"

తండ్రి సందేహం న్యాయమైనదే. కుమార్తె చెప్పినదీ అబద్ధం కాదు. సంస్కృతంలోను, తెలుగులోను పద్మరాగమంటే కెంపు. అదే మాట సముద్రం దాటి సింహళంలో తామరపువ్వు వన్నె గల వేరొక రాతికి పేరయింది. అక్కడి నుండి పాశ్చాత్యుల నోట పడి 'పద్పరాద్ష' అనే వింత రూపంలో ప్రపంచపు రత్నాల అంగళ్లకు చేరింది. ఒకే పేరు, రెండు రాళ్లు. రంగురాళ్ల వ్యాపారంలో మొదటి చిక్కు ఇదే. వస్తువు కంటికి ఎదురుగా లేనప్పుడు కొనేవాడు నిజానికి కొంటున్నది మాటలను. కనుక ఆ మాటల అర్థం తెలిసి ఉండాలి.

కెంపు, నీలం, పద్పరాద్ష పుట్టుకలో వేరువేరు కావు. అన్నీ కురువిందమనే ఒక్క ఖనిజమే. ఇంగ్లీషువారి 'కోరండం' అనే మాట మన దక్షిణాది భాషల నుండి వెళ్లినదే. ఖమ్మం, అనంతపురం జిల్లాలలోను ఈ ఖనిజం దొరుకుతుంది. రసాయనికంగా ఇది అల్యూమినియం ఆక్సైడు. శుద్ధంగా ఉంటే ఏ రంగూ ఉండదు. కొద్దిపాటి క్రోమియం చేరితే ఎరుపు, ఇనుము టైటానియం రెండూ చేరితే నీలిరంగు. ఒక్క ఇనుము వల్లనే పసుపు వన్నె రావచ్చు. ఎరుపును మాత్రం కెంపు అని, తక్కిన రంగులన్నిటినీ 'సఫైర్' అని వ్యవహరిస్తారు. పసుపు సఫైర్, ఆకుపచ్చ సఫైర్, ఊదా సఫైర్ అన్న పేర్లు ఇలా వచ్చినవే. కాఠిన్యంలో ఇవన్నీ మోహ్స్ కొలమానం మీద 9 అంకెలో నిలుస్తాయి. వీటి పైన వజ్రం 10. నిత్యం ధరించే ఉంగరానికి ఇవి తగిన రాళ్లు కావటానికి కారణం ఈ గట్టితనమే.

పసుపు రాతి విషయంలో మాటల చిక్కు మనవారికి మరింత దగ్గరది. పుష్యరాగమని మన అంగళ్లలో పసుపు సఫైరునూ అంటారు, టోపాజ్‌నూ అంటారు. టోపాజ్ వేరే ఖనిజం, కాఠిన్యం 8. పసుపు సిట్రిన్ స్ఫటిక జాతిది, కాఠిన్యం 7. ఈ మూడూ బొమ్మలో ఒక్కలాగే కనబడవచ్చును గాని వాటి వెలల మధ్య ఎంతో వ్యత్యాసం ఉన్నది. 'పుష్యరాగం' అని మాత్రమే రసీదు ఇచ్చిన విక్రేత రేపు ఏ అర్థం చెప్పినా చెప్పగలడు. 'సహజమైన పసుపు కురువిందం' అని వ్రాసి ఇచ్చినవాడు ఆ మాటకు కట్టుబడవలసిందే.

ఆ 'సహజం' అనే మాటకూ హద్దులున్నాయి. ఫ్రాన్సుకు చెందిన ఆగస్ట్ వెర్నాయ్ 1902లో కెంపును కొలిమి మంటలో తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు. తరువాత నీలాలూ అలాగే వచ్చాయి. ఇవి గాజు ముక్కలు కావు. గుణాలన్నిటా అసలు కురువిందమే. గని కడుపున పుట్టలేదన్నదే భేదం. అందం కోసం ధరించేవారికి అవి తక్కువ వెలకు దొరికే మంచి రాళ్లే. తయారీ రాతిని గనిరాతి వెలకు అమ్మితే మాత్రం మోసం.

ఇక గనిలో పుట్టిన రాతి సంగతి. శ్రీలంకలో గ్యూడా అనే పాలవంటి మసక రాళ్లుంటాయి. ఒకప్పుడు వాటిని విలువలేనివిగా చూచేవారు. 1970 తరువాతి సంవత్సరాలలో థాయిలాండు వర్తకులు వాటిని కొనిపోయి తీవ్రమైన వేడిలో కాల్చగా అవి నిగనిగలాడే నీలాలయ్యాయి. నేడు బజారులోని నీలాలలో అధికభాగం ఇలా వేడి చూచినవే. ఆ రంగు నిలకడగా ఉంటుంది. వేడి చేసిన సంగతి దాచకుండా చెబితే అందులో దోషం లేదు. వేడి చేయని మేలిరాయి అరుదు గనుక దాని వెల చాలా ఎక్కువ. అందుచేత 'వేడి చేయనిది' అనే ఒక్క మాటకే కొనేవాడు పెద్ద మొత్తం చెల్లిస్తున్నాడని గ్రహించాలి.

వేడితో ఆగనివారూ ఉన్నారు. 2001, 2002 సంవత్సరాలలో థాయిలాండు నుండి గులాబీ నారింజ వన్నె రాళ్లు వెల్లువగా వచ్చాయి. అరుదైన పద్పరాద్ష ఇంత విరివిగా ఎలా దొరుకుతున్నదని రత్న పరీక్షకులకు అనుమానం కలిగింది. 1,700 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిలో బెరీలియం అనే మూలకాన్ని రాతిలోకి ఇంకించి ఆ వన్నె తెప్పిస్తున్నారని చివరకు తేలింది. అప్పటికే ఎన్నో రాళ్లు చేతులు మారాయి. వృత్తిలో పండినవారే మోసపోయిన చోట బొమ్మ చూచి కొనే గృహస్థు జాగ్రత్తపడటంలో వింత లేదు. బెరీలియం ఇంకిందో లేదో భూతద్దంతో నిశ్చయంగా చెప్పలేరు; అత్యల్ప మోతాదులను కొలిచే పరికరాలున్న ప్రయోగశాలే చెప్పాలి.

అందుకే పరీక్షాపత్రం అవసరం. అమెరికాలోని జి.ఐ.ఎ., స్విట్జర్లాండులోని గుబెలిన్, ఎస్.ఎస్.ఇ.ఎఫ్. ప్రయోగశాలలు లోకప్రసిద్ధమైనవి. మన దేశంలో జయపూరు ఈ విద్యకు పాత కేంద్రం. అక్కడ 1972లోనే రత్న పరీక్షాశాల ఏర్పడింది. విక్రేత పంపిన పత్రం ప్రతిని చూచి సరిపెట్టుకోరాదు. దాని మీది సంఖ్యను ప్రయోగశాల వారి చిట్టాలోనే సరిచూడాలి. తూకం, పొడవు, వెడల్పు, లోతు చేతిలోని రాతితో సరిపోవాలి. 'ఏ చికిత్స జరిగింది' అన్న గడిలోని మాటలను అక్షరం విడువకుండా చదవాలి. ఏ దేశపు రాయి అన్నది మాత్రం పరీక్షకుల అభిప్రాయమే. అందులో ప్రయోగశాలల మధ్య భేదం రావచ్చును. 'సిలోన్ రంగు' అని ఉంటే అది రంగుకు పేరు, పుట్టిన ఊరికి సాక్ష్యం కాదు.

తూకంలోనూ భాషాభేదం ఉన్నది. కారెట్టు అంటే 200 మిల్లీగ్రాములు. ఇందులో పేచీ లేదు. మనవారికి అలవాటైన రత్తి అలాంటిది కాదు. గురివింద గింజ నుండి వచ్చిన ఈ కొలత బంగారపు తూకంలో సుమారు 0.12 గ్రాము, రాళ్ల వర్తకులు వాడే రత్తి సుమారు 0.18 గ్రాము. అయిదు రత్తుల రాయి ఒకరి లెక్కలో 3 కారెట్లు, మరొకరి లెక్కలో 4.5 కారెట్లు. పైగా తూకం ఎక్కువైనంత మాత్రాన రాయి పెద్దదిగా కనబడదు. బరువు నిలుపుకోవటానికి సానపట్టేవారు అడుగు భాగాన్ని లావుగా వదిలివేస్తారు. ఆ బరువుకు వెల కడతాము గాని అది ఉంగరం లోపలే దాగిపోతుంది. అడుగు మరీ పలచనైతే మరొక దోషం: వెలుతురు తిరిగి పైకి రాక, నడుమ కిటికీలాగ వెలవెలబోతుంది. అచ్చు కాగితం మీద రాయిని బోర్లించక మామూలుగా ఉంచి చూస్తే నడుమ నుండి అక్షరాలు కనబడతాయి. తళుకు దీపాల కింద తీసిన బొమ్మలో ఇది తెలియకపోవచ్చు. చేతివేళ్ల మధ్య పట్టుకొని, పగటి వెలుతురులో ఒకటి, ఇంటి దీపం కింద ఒకటి చలనచిత్రాలు తీసి పంపమని విక్రేతను అడగవచ్చు. మంచి విక్రేత కాదనడు.

మన ఉపాధ్యాయుని ఇంటికి తిరిగి వద్దాము. ఆయన కుమార్తె చేత విక్రేతకు మూడు ప్రశ్నలు వ్రాయిస్తాడు. ఇది గనిరాయేనా? వేడి తప్ప మరే చికిత్సా, ముఖ్యంగా బెరీలియం చికిత్స, జరగలేదని పత్రం చెబుతున్నదా? తిరిగి ఇవ్వటానికి ఎన్ని రోజుల గడువు? సమాధానాలు వ్రాతలో వస్తాయి. గడువు పదిహేను రోజులు. రాయి వస్తుంది.

అప్పుడాయన తెలిసిన ఆచారిగారి దగ్గరకు తీసుకొని వెళతాడు. ఆచారి రాయిని అటూ ఇటూ త్రిప్పి చూచి, "మాస్టారూ, రాయి బాగుంది. కాని నేనిప్పుడు ముట్టుకోను. ఒకసారి పొదిగితే తిరిగి పుచ్చుకోమని ఎవరినీ అడగలేరు. కొలతలు మాత్రం వ్రాసుకుంటాను. పదిరోజులు ఇంట్లో ఉంచి చూడండి" అంటాడు.

ఆచారి మాటలో అనుభవం ఉన్నది. రంగురాళ్లు అచ్చులో పోసినట్లు ఒకే కొలతకు రావు గనుక రాతిని బట్టి ఉంగరం చేయించాలి. ఉంగరం ముందు చేయించి రాయి వెదకటం తలక్రిందుల పని. ఇక ఉంగరం తయారైన తరువాత దాని మీద ఉండే హాల్‌మార్కు, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య బంగారం స్వచ్ఛతకే హామీ. రాతి గురించి అవి ఒక్క మాటా చెప్పవు.

పది రోజులు చూడటంలో మరొక సంగతి ఉన్నది. మడగాస్కరులో 2016 చివర వెలుగులోకి వచ్చిన కొత్త నిక్షేపాలలోని కొన్ని పద్పరాద్షలు నిలకడ లేని రంగువని ప్రయోగశాలలు తరువాత గమనించాయి. అతినీలలోహిత కిరణాలు సోకితే వాటి నారింజ ఛాయ పెరుగుతుంది. కొన్ని రోజులు, వారాలు పగటి వెలుతురులో ఉంటే ఆ ఛాయ తగ్గి గులాబీ మాత్రమే మిగులుతుంది. బొమ్మ తీసిన నాటి రాయి, ధరించే నాటి రాయి ఒకటి కాకపోవచ్చునన్నమాట. తలగడ కింద మూడు రాత్రుల కంటె కిటికీ దగ్గర పది పగళ్లు ఈ నిజాన్ని బాగా చెబుతాయి.

ఉపాధ్యాయుని భార్య రాయిని కిటికీ గూటిలో ఒక చిన్న గిన్నెలో ఉంచుతుంది. ఎనిమిదవ నాటికి నారింజ ఛాయ చాలా వరకు పోతుంది. ఆయన మొగం చిన్నబోతుంది. ఆమె మాత్రం రాయిని వేలి మీద పెట్టుకొని చూచుకుంటూ, "ఏమండీ, నాకు ఈ గులాబీ రంగే నచ్చింది. దీనికి పద్మరాగం ధర ఎందుకు ఇవ్వాలి?" అంటుంది.

ఆ ప్రశ్నకు విక్రేత జవాబు చెప్పుకోవలసినవాడే. 2020 నాటి ఎలక్ట్రానిక్ వాణిజ్య నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును తిరిగి పుచ్చుకోనని విక్రేత అనరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి, నెల లోపల పరిష్కరించాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారుడు తాను నివసించే ఊరిలోనే ఫిర్యాదు దాఖలు చేసుకోవటానికి వీలిచ్చింది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915. విదేశంలోని విక్రేతను ఈ చట్టాలతో పట్టుకోవటం కష్టం గనుక సుంకం ఎవరిది, తిరిగి పంపే ఖర్చు, దారిలో పోతే పూచీ ఎవరివి అన్నవి ముందే వ్రాతలో తేల్చుకోవటం మేలు. వెల చెల్లింపు రసీదు లేని మార్గంలో జరగరాదు. రాయి అందినప్పుడు పొట్లం విప్పటం మొదలు తూకం వరకు చిత్రం తీసి ఉంచుకోవాలి.

మన ఉపాధ్యాయుని చేతిలో విక్రేత వ్రాసిన మాటలున్నాయి, పరీక్షాపత్రం ఉన్నది, ఇంకా ఏడు రోజుల గడువున్నది. అన్నిటికంటె ముఖ్యంగా రాయి ఇంకా బంగారంలో చేరలేదు. కుమార్తె పాత బొమ్మను, కొత్త బొమ్మను ప్రక్కప్రక్కన పెట్టి పంపుతుంది. పద్పరాద్షగా అమ్మిన రాతిని గులాబీ సఫైరు వెలకు ఇస్తే ఉంచుకుంటామని, కాకుంటే తిరిగి పంపుతామని వ్రాస్తుంది. రెండు రోజులకు విక్రేత ఒప్పుకొని ఎక్కువ తీసుకున్న సొమ్ము పంపుతాడు.

"ఇక మొదలుపెట్టండి ఆచారిగారూ" అంటాడు ఉపాధ్యాయుడు, గిన్నెతో సహా రాయిని ఆయన ముందుంచి.